బరువు బండి, నిదానపు నడక

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకే బాధ మీద ఉన్నాయి. పెద్ద మోటార్ సైకిల్ కొన్నాం, హైవే మీద ఏ ఇబ్బందీ లేదు, ఇంటి గేటు దగ్గరో యూ టర్న్ దగ్గరో పడేసుకుంటున్నాం అని. సికింద్రాబాద్‌లో నా షెడ్డుకు వచ్చే బండ్లదీ అదే కథ. వంగిన క్లచ్ లివరు, గీతలు పడ్డ క్రాష్ గార్డు చూస్తే చాలు, మనిషి చెప్పకముందే సంగతి తెలిసిపోతుంది. నిలబడిన చోటో, మనిషి నడిచేంత వేగంలోనో తగిలిన దెబ్బలవి. అందుకే మైలేజీ ప్రశ్నలు, టైర్ల ప్రశ్నలు వచ్చే నెలకు పెట్టి ఈ నెల జవాబులన్నీ దీనికే ఇస్తున్నాను.

ప్రశ్న: అన్నా, రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్ 450 బైకు తీసుకున్నా. విజయవాడ దాకా పోయొచ్చినా, భయం కాలేదు. కానీ కూకట్‌పల్లిలో మెట్రో పిల్లర్ల కింద యూ టర్న్ తీసుకుంటుంటే రెండుసార్లు కుడివైపు పడిపోయింది. నా ఎత్తు 5 అడుగుల 9 అంగుళాలు, రోజూ జిమ్‌కు పోతా. అయినా ఆపలేకపోయా. బండిలో ఏమన్నా లోపమా?
— పాఠకుడు, నిజాంపేట

జవాబు: తమ్ముడూ, బండిలో లోపం లేదు, నీ బలంలోనూ లోపం లేదు. బలంతో ఆపుదామనుకోవడం దగ్గరే చిక్కంతా ఉంది.

నీ బండి బరువు 196 కిలోలు, అదీ ట్యాంకు 90 శాతం నిండి ఉన్నప్పుడు. సీటు ఎత్తు 825 మిల్లీమీటర్లు. గుంతల మీద, రాళ్ళ మీద పోయే బండి కాబట్టి ఇంజిన్ కింద 230 మిల్లీమీటర్ల ఖాళీ వదిలి అంతా పైకి కట్టారు. ఆ పైన 17 లీటర్ల ట్యాంకు. పెట్రోలు లీటరు ముప్పావు కిలో దాకా తూగుతుంది, అంటే ఫుల్ చేయిస్తే 12 కిలోలకు పైగా బరువు నీ మోకాళ్ళకంటే ఎత్తులో చేరి అటూ ఇటూ ఊగుతుంటుంది. బండి నిటారుగా ఉన్నంతసేపు ఇదంతా టైర్లే మోస్తాయి, నీ దాకా రాదు. ఒరిగే కొద్దీ నీ చేతికొస్తుంది. ఎంత వస్తుందో లెక్క వేద్దాం. బండి 200 కిలోలు, దాని బరువు కేంద్రం నేలకు 60 సెంటీమీటర్ల ఎత్తులో ఉంది, హ్యాండిల్ 110 సెంటీమీటర్ల ఎత్తులో ఉంది అనుకో. 10 డిగ్రీలు ఒరిగితే హ్యాండిల్ దగ్గర సుమారు 19 కిలోల బలం పెడితే ఆగుతుంది. 30 డిగ్రీలు ఒరిగితే దగ్గర దగ్గర 55 కిలోలు కావాలి. అదీ ఒంటికాలి మీద, పక్కకు వంగి, చెయ్యి చాపి! జిమ్‌లో 100 కిలోలు ఎత్తేవాడి వల్ల కూడా అయ్యే పని కాదు.

హైవే మీద ఈ బరువు ఎందుకు తెలియలేదంటే, వేగంలో ఉన్న బండి ఏ పక్కకు ఒరిగితే ముందు చక్రం ఆ పక్కకు కాస్త తిరుగుతుంది. టైర్లు వెళ్ళి బరువు కిందకు చేరతాయి, బండి లేచి నిలబడుతుంది. మన ప్రమేయం లేకుండానే జరిగిపోతుంది. వేగం తగ్గాక అదే పని జరగాలంటే హ్యాండిల్‌ను చాలా ఎక్కువ తిప్పాలి, ఆ తిప్పడం మనం చేయాలి. భయపడ్డవాడు మొట్టమొదట చేసేది చేతులు బిగించడం. చేతులు బిగిస్తే హ్యాండిల్ తిరగదు, బండికి ఉన్న ఒక్క దారీ మూసుకుపోతుంది.

నువ్వు రాయలేదు గానీ నీకు జరిగింది ఇదే అయ్యుంటుంది. సగం తిరిగాక అటు నుంచి ఆటోనో, రాంగ్ రూట్‌లో స్కూటరో వచ్చింది. కుడిచేత్తో ముందు బ్రేకు పట్టావు, ఎడమచేత్తో క్లచ్ మొత్తం నొక్కేశావు. హ్యాండిల్ తిరిగి ఉన్నప్పుడు ముందు బ్రేకు పడితే ముందు చక్రాన్ని పట్టుకునే ఫోర్కు కిందికి కూర్చుంటుంది, బండి తిరిగిన వైపే ఒరుగుతుంది. క్లచ్ నొక్కగానే వెనక చక్రం తోపు పోయింది. ఇక మిగిలింది నీ కుడికాలు. అది బ్రేకు పెడల్ మీద నుంచి దిగి నేలకు ఆనే లోపు బండి పట్టుకునే హద్దు దాటేసింది.

అందుకని యూ టర్న్‌లోకి పోయే ముందే, బండి తిన్నగా ఉండగానే వేగం తగ్గించు, ఫస్ట్ గేరు వెయ్యి. అవసరమైతే అక్కడే ఆగు, ఎడమకాలు దించు, ఎదురు బండ్లు పోనివ్వు. వెనకోడు హారన్ కొడతాడు, కొట్టనీ. దారి దొరికాక యాక్సిలేటర్ కొద్దిగా ఇచ్చి అక్కడే ఉంచు, మణికట్టు మళ్ళీ కదపకు. వేగం పెంచాలన్నా తగ్గించాలన్నా క్లచ్‌తోనే, సగం పట్టులో రెండు వేళ్ళతో. హాఫ్ క్లచ్ అంటే ఇదే. కుడిపాదం వెనక బ్రేకును మెత్తగా తొక్కి ఉంచాలి. ఇంజిన్ ముందుకు లాగుతుంటే బ్రేకు కొంచెం వెనక్కి పట్టుకుంటుంది, ఆ రెంటి మధ్య బండి బిగువుగా, కుదుపు లేకుండా నడుస్తుంది. ముందు బ్రేకు లివరు మీద వేళ్ళే పెట్టకు. వేళ్ళు అక్కడుంటే భయంలో వాటంతటవే నొక్కుతాయి.

తల మాత్రం పూర్తిగా తిప్పాలి. గడ్డం కుడి భుజం మీదికి రావాలి, చూపు నువ్వు బయటపడబోయే లేన్ మీద ఉండాలి. నిండు బిందె చంకనెత్తుకున్న మనిషి బిందెను చూడదు, దారిని చూస్తుంది. నువ్వు డివైడర్ చివర రాయిని చూస్తే బండి దాని దగ్గరికే పోతుంది. ఒళ్ళు బండితోపాటు లోపలికి వంచకు. బండి కుడికి ఒరగనీ, నువ్వు కొంచెం ఎడమకు జరిగి ఎడమ ఫుట్ రెస్ట్ మీద బరువు వెయ్యి. పడిపోతోంది అనిపించిన క్షణంలో క్లచ్ నొక్కకు, కొంచెం వదులు. వెనక చక్రం తోసిందంటే బండి లేస్తుంది. మొదట్లో మనసు ఒప్పుకోదు గానీ, చేసి చూశాక నమ్ముతావు.

దీన్ని రోడ్డు మీద నేర్చుకోవద్దు. ఆషాఢంలో మన ఊళ్ళో ఫంక్షన్ హాళ్ళు చాలావరకు ఖాళీగానే ఉంటాయి. వాచ్‌మన్‌ను అడిగి పొద్దున్నే పార్కింగ్‌లో ఒక గంట తిప్పుకో. ఇసుక లేని గట్టి నేల చూసుకో. ట్యాంకు సగమే ఉంచు, పెట్టెలుంటే తీసెయ్యి. మొదట తిన్నగా, ఎంత నెమ్మదిగా పోగలవో అంత నెమ్మదిగా, కాలు కింద పెట్టకుండా. అది వచ్చాక ఎడమకు పెద్ద గుండ్రాలు, తర్వాత కుడికి. చాలామందికి కుడివైపే కష్టం. మనకు యూ టర్న్‌లు కుడికే కాబట్టి దాని మీద ఎక్కువసేపు ఉండు.

ప్రశ్న: స్లో స్పీడులో హాఫ్ క్లచ్ వాడమని మీరు ఇదివరకోసారి రాశారు. క్లచ్ ప్లేట్లు కాలిపోవా? కారు నేర్పిన సార్ హాఫ్ క్లచ్ అస్సలు వద్దన్నారు.
— పాఠకుడు, మాదాపూర్

జవాబు: ఆయన చెప్పింది కారుకు నిజం. కారులో ఒకటే ప్లేటు, అదీ పొడిగా ఉంటుంది. మీ బండిలో ఐదారు ప్లేట్లు వరసగా ఇంజిన్ ఆయిల్‌లో మునిగి ఉంటాయి. వేడి ఆయిల్ లాగేసుకుంటుంది. యూ టర్న్‌కు, గేటుకు, ట్రాఫిక్‌లో నాలుగడుగులకు హాఫ్ క్లచ్ వాడితే ఏమీ కాదు. ప్లేట్లను చంపేది వేరే అలవాటు: ఎత్తు మీద సిగ్నల్ పడితే బ్రేకు తొక్కకుండా హాఫ్ క్లచ్‌తో బండిని నిలబెట్టడం. అక్కడ వెనక బ్రేకు వాడండి. ఇంకో మాట, కారు ఆయిల్ బండిలో పోయకండి. జారుడు పెంచే మందులు కలిపిన కారు ఆయిల్ పోస్తే క్లచ్ జారుతుంది. డబ్బా మీద ‘జాసో ఎంఏ’ లేదా ‘ఎంఏ2’ అని, అంటే ఆయిల్‌లో మునిగే క్లచ్‌కు సరిపడేదని గుర్తు ఉన్నదే కొనండి.

ప్రశ్న: అన్నా, నా ఎత్తు 5 అడుగుల 2 అంగుళాలు. ఇష్టపడి సెకండ్ హ్యాండ్‌లో పాత హిమాలయన్ 411 కొన్నా. రెండు కాళ్ళూ దించితే మునివేళ్ళే ఆనుతాయి. వెనక సస్పెన్షన్ లింకు మార్చి బండిని రెండంగుళాలు దించుదామని మెకానిక్ అంటున్నాడు. ఇంట్లోవాళ్ళు అమ్మేయమంటున్నారు. ఏం చేయమంటావు?
— పాఠకురాలు, మల్కాజిగిరి

జవాబు: అమ్మొద్దు చెల్లె. ఇప్పుడే దించొద్దు కూడా.

రెండు కాళ్ళూ ఆనాలన్న పట్టుదల ముందు వదిలిపెట్టు. రెండు పాదాలూ మునివేళ్ళ మీద ఉంటే ఏ కాలికీ పట్టుండదు. ఆగేటప్పుడు నడుము ఎడమకు జరుపు, సీటు అంచు మీదకు రా. ఎడమపాదం మడమతో సహా నేలకు ఆనుతుంది. కుడిపాదం వెనక బ్రేకు మీదే ఉంటుంది. బండి నీ వైపు ఒక పిసరు వాలి నిలబడుతుంది. పొడుగ్గా ఉన్నవాళ్ళకు కూడా నేను ఇదే నేర్పిస్తాను. కుడికాలు దించితే వెనక బ్రేకు పోతుంది, ఎత్తు మీద వెనక్కి జారితే గతేమిటి?

ఆగబోయే చోటు ముందే చూసుకో. మన రోడ్లు నడుమ ఎత్తుగా ఉండి అంచులకు వాలుతాయి. ఎడమ అంచుకు పోయి ఆగావంటే నీ పాదం పడే చోటు టైరు ఉన్న చోటుకంటే పల్లంగా ఉంటుంది, పొట్టివాళ్ళకు ఆ అంగుళమే చాలు పడేయడానికి. లేన్ మధ్యకు ఆగు. ఇసుక, మ్యాన్‌హోల్ మూత, నూనె మరక ఉన్న చోట పాదం పెట్టకు. ఆగే ఆఖరి అడుగులో హ్యాండిల్ తిన్నగా ఉండాలి, చూపు ఎదురుగా ఉండాలి. హ్యాండిల్ తిరిగి ఉండగా ఆగిన బండి తిరిగిన వైపే పడుతుంది.

ఇక ఎత్తు సంగతి. నీ బండి సీటు 800 మిల్లీమీటర్లు. కానీ కాలు అందడం ఎత్తు ఒక్కదాని మీదే లేదు, సీటు ముందు భాగం ఎంత వెడల్పుందన్న దాని మీద కూడా ఉంది. తొడలు ఎడంగా పోతే కాలి పొడుగు అక్కడే ఖర్చయిపోతుంది. సీటు కుట్టే మంచి పనివాడి దగ్గరకు పోయి ముందు భాగం రెండు పక్కలా ఫోమ్ చెక్కించు, పైన కొంచెమే తీయించు. మందపు అడుగున్న బూట్లు వేసుకో. నీ బరువు తక్కువైతే వెనక షాకబ్జార్బర్ స్ప్రింగ్ బిగువును ఒకటి రెండు మెట్లు తగ్గించు, నువ్వు కూర్చోగానే బండి ఇంకొంచెం దిగుతుంది. వెనక ఇంకొకరు కూర్చునే రోజు మళ్ళీ బిగించుకోవాలి. ఈ మూడూ కలిస్తే నీకు కావలసింది చాలావరకు వస్తుంది.

లింకు మార్చడం అంటే వెనక మాత్రమే దించడం. ముందు చక్రం ముందుకు చాచినట్టయి హ్యాండిల్ బద్ధకంగా తిరుగుతుంది, స్పీడ్ బ్రేకర్లకు అడుగు తగులుతుంది. అంతకంటే ముఖ్యం సైడ్ స్టాండ్. బండి దిగింది, స్టాండు పొడుగు అంతే ఉంది, దాంతో బండి మరీ నిటారుగా నిలబడి గాలికి కూడా కుడివైపు పడిపోతుంది. ఎప్పటికైనా దించాలనుకుంటే ముందు ఫోర్కును కూడా అదే మేరకు దించి, స్టాండును కోయించి అతికించే మనిషి దగ్గరే చేయించు. ఆ మాట మెకానిక్ తనంతట తాను ఎత్తకపోతే ఆ పని అతనికి ఇవ్వకు.

మీ ఇంట్లోవాళ్ళకు నా తరఫున చెప్పు. ఎత్తు సరిపోకపోవడం బండి అమ్మడానికి కారణం కాదు.

ప్రశ్న: మా అపార్ట్‌మెంట్ సెల్లార్ ర్యాంపు బాగా నిటారుగా ఉంది. పైన గేటు దగ్గరే కుడికి తిరగాలి. 220 కిలోల బండితో రోజూ గండమే. వానాకాలం మరీను.
— పాఠకుడు, మణికొండ

జవాబు: ర్యాంపు మీద ఆగడం అనేదే ఉండకూడదు. కిందే, చదునుగా ఉన్న చోట నిలబడి ఒక హారన్ కొట్టండి. వాచ్‌మన్ గేటు పూర్తిగా తీసి, రోడ్డు ఖాళీగా ఉందని చెయ్యి ఊపాకే ఎక్కండి. ఫస్ట్ గేరు, ఒకే వేగం, చూపు పైకి. పై చదునుకు రెండు చక్రాలూ చేరాకే హ్యాండిల్ తిప్పండి. వెనక చక్రం వాలు మీదుండగా ముందు చక్రం తిప్పి ఆగడమే మీ గండం. మీ అసోసియేషన్ మీటింగులో గేటు ఎదుట గుండ్రటి అద్దం పెట్టించమని అడగండి, పెద్ద ఖర్చు కాదు.

పార్కింగ్ దగ్గర బండి ముక్కు పల్లం వైపు పెట్టకండి, పొద్దున వెనక్కి లాగలేరు. ఏటవాలు మీద వెనక్కి దింపాల్సి వస్తే ఇంజిన్ ఆపి ఫస్ట్ గేరులో ఉంచండి. క్లచ్ నొక్కితే జరుగుతుంది, వదిలితే ఆగుతుంది. ముందు బ్రేకు పడితే వాన తడికి ముందు టైరు జారవచ్చు, క్లచ్ వదిలితే బండిని ఆపేది వెనక టైరు పట్టు. మీరు ఎడమ పక్క నిలబడి తొడను సీటుకు ఆనించి, బండిని కొంచెం మీ మీదకే వాల్చుకుని నడిపించండి. అవతలికి ఒరిగిన బండిని ఇవతలి నుంచి ఎవరూ ఆపలేరు. ఆపేటప్పుడు గేరులోనే వదిలేయండి, నున్నటి టైల్స్ మీద న్యూట్రల్‌లో పెట్టిన బండి స్టాండు మీద నుంచి ముందుకు జారిపోతుంది.

ప్రశ్న: సార్, రిటైరయ్యాను. మా ఆవిడతో శ్రీశైలం, ఆ పైన దూరాలు తిరగాలని కోరిక. రాయల్ ఎన్‌ఫీల్డ్ సూపర్ మీటియర్ 650, కవాసకి వెర్సిస్ 650 బండ్లు చూశాను. వయసు 60 దాటింది, బరువు చూసి జంకుతున్నాను.
— పాఠకుడు, వనస్థలిపురం

జవాబు: మీ జంకు సరైన చోటే ఉంది, కానీ కిలోలు ఒక్కటే చూడకండి. సూపర్ మీటియర్ 241 కిలోలు, వెర్సిస్ దానికంటే 20 కిలోలకు పైగా తేలిక. అయినా ఆగినప్పుడు మొదటిదే నిబ్బరంగా ఉంటుంది. దాని సీటు 740 మిల్లీమీటర్లే, రెండు పాదాలూ పూర్తిగా ఆనుతాయి, బరువంతా కిందే ఉంది. వెర్సిస్ సీటు 845, ట్యాంకు 21 లీటర్లు. పరుగులో వెర్సిస్ చాలా మంచి బండి. మీరు అడిగింది నెమ్మది నడక గురించి కాబట్టి, అమ్మగారు వెనక కూర్చుంటారు కాబట్టి నా ఓటు ఎత్తు తక్కువ దానికే.

అమ్మగారు చీరలో ఒక పక్కకు కూర్చునే అలవాటైతే దూర ప్రయాణానికి అది మానాలి. బరువు ఎప్పుడూ ఎడమకే లాగుతుంటే కుడి యూ టర్న్‌లో మీ అంచనా తప్పుతుంది. పంజాబీ డ్రస్సు, రెండు వైపులా కాళ్ళు, ఆమెకూ మంచి హెల్మెట్. ఎక్కడం, దిగడం మీరు ‘ఊఁ’ అన్నాకే. అప్పటికి మీ రెండు పాదాలూ నేల మీద, ముందు బ్రేకు చేతిలో, హ్యాండిల్ తిన్నగా ఉండాలి. బరువైన సామాను సైడ్ బాక్సుల్లో అడుగున, రెండు వైపులా సమానంగా పెట్టండి. టాప్ బాక్సులో రెయిన్ కోట్లు, తువ్వాళ్ళు తప్ప ఏమీ వద్దు. వెనక చక్రం ఇరుసుకు ఆవల, అంత ఎత్తున పెట్టిన 5 కిలోలు ముందు చక్రాన్ని తేలిక చేస్తాయి.

శ్రీశైలం దారిలో అడవి రోడ్డును రాత్రి 9 నుంచి ఉదయం 6 వరకు మూసేస్తారు, దాన్ని బట్టి బయలుదేరండి. డ్యామ్ వైపు దిగే మలుపుల్లో సెకండ్ గేరులో దిగండి, క్లచ్ నొక్కి వదిలేయకండి. పైన చెప్పిన హాఫ్ క్లచ్ పద్ధతి చదును నేల మీది యూ టర్న్‌కు, ఘాట్ దిగేటప్పుడు ఇంజినే బండిని పట్టుకోవాలి. ఎక్కేటప్పుడు ఎడమ మలుపులు చూసుకోండి. మనం ఎడమన పోతాం కాబట్టి ఆ మలుపు లోపలి అంచు మనకే వస్తుంది, ఎత్తు అక్కడే ఎక్కువ, కంకర కూడా అక్కడే చేరుతుంది. అంచుకు ఒరుసుకోకుండా మీ లేన్ మధ్యలో తిరగండి.

ప్రశ్న: ఒంటరిగా తిరుగుతుంటా. ఎవరూ లేని చోట బండి పడిపోతే ఎలా లేపాలి?
— పాఠకుడు, ఉప్పల్

జవాబు: మొదటి సంగతి, పడేటప్పుడు ఆపబోకు. 10 డిగ్రీల దాకా ఆపొచ్చు. అది దాటిపోతోందని తెలియగానే కాలు లాగేసుకుని పక్కకు తప్పుకో. లివరు రేపు దొరుకుతుంది, చీలమండ విరిగితే నెలలు పడుతుంది.

పడ్డాక హ్యాండిల్ మీది కిల్ స్విచ్ నొక్కి ఇంజిన్ ఆపు, తాళం తిప్పెయ్యి. పెట్రోలు కారుతోందేమో చూడు. ఊపిరి తీసుకో, తొందరేమీ లేదు. కుడివైపు పడితే ముందే సైడ్ స్టాండ్ వేసిపెట్టు, లేచాక అవతలికి వాలినా ఆగుతుంది. గేరు లివరు అందితే ఫస్ట్‌లో వెయ్యి, లేకపోతే చక్రం వెనక రాయి పెట్టు. ఎడమవైపు పడితే స్టాండు, గేరు రెండూ అడుగునే ఉంటాయి. రాయి పెట్టుకుని, లేపేటప్పుడు ఆఖర్న బలం తగ్గించు, లేదంటే అవతలికి పడుతుంది.

హ్యాండిల్‌ను పడ్డ వైపే పూర్తిగా తిప్పు, గ్రిప్పు ట్యాంకు దగ్గరకొస్తుంది. బండికి వీపు పెట్టి సీటు అంచుకు పిరుదులు ఆనించి గొంతుకూర్చో. ఒక చేత్తో ఆ గ్రిప్పు, రెండో చేత్తో వెనక కమ్మీ. సైలెన్సర్‌కు చెయ్యి తగలనీకు. నడుము తిన్నగా ఉంచి తొడలతో వెనక్కి నెడుతూ చిన్న చిన్న అడుగులు వెయ్యి. లేచే కొద్దీ తేలికవుతుంది. ఊళ్ళో అయితే నలుగురూ పరిగెత్తుకొస్తారు, మంచిదే, కానీ ఇండికేటర్లు, సైడ్ బాక్సులు పట్టుకోవద్దని, వెనక కమ్మీ పట్టుకోమని నువ్వే చెప్పాలి.

లేచాక స్టాండు మీద పెట్టి క్లచ్, బ్రేకు లివర్లు, గేరు లివరు, హ్యాండిల్ తిన్నగా ఉన్నాయో లేవో చూడు. కొంచెం వంగిన లివరును అక్కడే తిన్నగా చేయబోకు, పుటుక్కున విరుగుతుంది. వంగినా పని చేస్తుంది. యాక్సిలేటర్ తిప్పి వదిలితే దానంతట అది వెనక్కి వస్తోందా అన్నది తప్పకుండా చూసి, ఆ తర్వాతే స్టార్ట్ చెయ్యి.